ఏటి పాట దించనివ్వని మేడం

మొన్న భామ్రాగడ్ నుంచి ఒక మాస్తరు మా దుకాణానికి వచ్చి, వెలిసిపోయిన బట్ట ఉందా అని అడిగాడు. మీసాలు మొలిచినప్పటి నుంచి నేను సిరొంచలో బట్టలే అమ్ముతున్నాను. రంగు పోదు గదా అని అడిగినవాళ్లను వేలమందిని చూశాను. రంగు పోయింది కావాలని అడిగిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆ ఒక్కరూ పోయిన ఏడాది వానల్లో కాలం చేశారు. ఎవరు చెప్పారు నీకీ సంగతి అని మాస్తరును అడిగాను. వానలు తగ్గి ఇప్పుడే దారి తెరుచుకుందనీ, ఏడాదికోసారి జరిగే బడి గ్యాదరింగ్‌లో పిల్లల చేత తమ ఊరి ఎండల లెక్కను బట్ట మీద చూపించాలని ఉందనీ, అలాంటి బట్టను సిరొంచలో ఒక మేడం చేయించేదని విన్నాననీ చెప్పాడు. ఆమెను కలవాలని కూడా అనుకున్నాడట. మేడం లేదని చెప్పి టీ తెప్పించాను. ఆయన నొచ్చుకున్నాడు. నేను కొత్త నీలం తానులోంచి కొంత చించి ఇచ్చి, దాన్ని ఎట్లా ఎండబెట్టాలో చెప్పి పంపాను. చెబుతున్నంతసేపూ ఆమె గొంతే నా నోట్లోంచి వస్తున్నట్టు అనిపించింది.

ఆమె పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. సిరొంచ బజారులోనూ, ఏటి ఒడ్డు ఊళ్లలోనూ ఆమె మేడం, అంతే. జూనియర్ కాలేజీలో పర్యావరణం పాఠం చెప్పేది. మరాఠీ బడిలో నాకంటే ఒక తరగతి వెనక చదివింది. ఆ చనువుతో ఇంట్లో పేరు పెట్టి పిలిచినా, గిరాకీలున్నప్పుడు మాత్రం నన్ను ‘సేటు’ అనేది. ఆ పిలుపులో గౌరవం పాలు తక్కువేనని నాకు తెలుసు.

మా దుకాణంలో వచ్చినవాళ్లు కూర్చోవడానికి పరుపులు పరిచి, వాటి మీద తెల్ల దుప్పటి వేసి ఉంటుంది. కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్లు కూడా దాని మీదే కూర్చుంటారు. మేడం మాత్రం అప్పుడే మూట విప్పిన కొత్త తాన్ల మీద కూర్చునేది. మడత పోతుందని ఎన్నిసార్లు చెప్పినా, ఇక్కడైతే కాళ్లు చాపుకోవచ్చని అనేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికందిన గుడ్డను వెలుతురుకు పట్టి చూసేది. కొనేది కాదు. మా ఆవిడ ఆమెకు గ్లాసు నిండా టీ ఇచ్చి, నాకు సగం గ్లాసు ఇచ్చేది. ఎందుకలా అని నేను అడగలేదు.

అంకెలు కనిపిస్తే ఆమె ఊరుకునేది కాదు. కూనిరాగం తీసేది. బస్టాండులో గోడ మీద బండ్ల టైములు రాసి ఉంటే, అవి చదువుతూ చిన్న అంకెకు కింది స్వరం, పెద్ద అంకెకు పై స్వరం పట్టి పాడుకునేది. అహేరి పోయే బండి టైము గొంతుకు అందడం లేదని ఒకసారి కంట్రోలర్‌కు ఫిర్యాదు కూడా చేసింది. జ్వరమని డాక్టరు దగ్గరికి పోతే, ఆయన థర్మామీటరు చదివి చెప్పేలోపే దాన్ని లాక్కుని చూసి, ఒక స్వరం పలికి, ఇది జర ఎక్కువే అన్నదట. పాఠం చెప్పాక అందరు టీచర్లూ అర్థమైందా అని అడుగుతారు. ఆమె ‘వినబడ్డదా?’ అని అడిగేది.

దీనికి ఆమె దగ్గర గట్టి కారణమే ఉంది. ఏటికి ఇవతల మరాఠీ సర్కారు కాబట్టి, ఏటి నీళ్ల లెక్క, వానల లెక్క, ఎండల లెక్క అన్నీ ఆఫీసుల నుంచి మరాఠీ కాగితాల మీద వస్తాయి. ఏటి ఒడ్డున వరి పండించే పెద్దవాళ్లకు వచ్చింది తెలుగు. జింగనూర్ వైపు పోతే గోండి. ఆ కాగితాలన్నీ చివరికి మా దుకాణంలో రవికె ముక్కలు చుట్టడానికి పనికొచ్చేవి. తన పాఠమంతా నా పొట్లాలకు పోతున్నదని మేడం నాతోనే కొట్లాడింది. పాటైతే పొట్లం కట్టలేవు గదా సేటు అన్నది. ఏడాది పొడుగునా ఏరు ఎంత ఎక్కిందో ఎంత దిగిందో పాట చేసి వినిపిస్తే చదువు రాని మనిషికి కూడా తెలుస్తుందని ఆమె నమ్మకం. నేను నమ్మలేదు. ఆ మాట మొహం మీదే చెప్పాను కూడా.

మొదటిసారి ఆ పాటను ఎవరో కంప్యూటర్ తెలిసినవాళ్ల చేత చేయించింది. మా ఏరు ప్రాణహిత నీటి మట్టాలన్నీ అందులో వేస్తే, అది టింగుటింగుమంటూ ఒక వరస కట్టి ఇచ్చింది. సంత రోజు లౌడ్‌స్పీకర్ పెట్టి వినిపించింది. సందుసందుల్లోంచి పిల్లలు గిన్నెలు, గ్లాసులు పట్టుకుని ఉరికి వచ్చారు. కుల్ఫీ బండి వచ్చిందనుకున్నారు. బండి ఏదని ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నేను దుకాణం మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. మేడం నాకంటే ఎక్కువ నవ్వింది. మరునాడు వచ్చి, తాన్ల మీద కూర్చుని, తప్పు ఏరుది కాదు, వాయిద్యానిది అన్నది.

వాయిద్యం దొరికేలోపు బట్టల మీద పడింది. ఏడాదికో పట్టీ చొప్పున, చల్లగా ఉన్న ఏడాదికి నీలం, వేడి పెరిగినకొద్దీ ఎరుపు వచ్చేలా గుడ్డ ముక్కలు ఏరించి, మా వరండాలో కూర్చునే దర్జీ చేత పొడుగ్గా కుట్టించింది. నీలంతో మొదలై, గులాబీ మీదుగా పోయి, చివరికి వచ్చేసరికి ఎర్రగా మండిపోతున్న గుడ్డ. సంత రోజు మా దుకాణం నుంచి ఎదురు దుకాణం దాకా తాడు కట్టి వేలాడదీసింది. ఏటి అవతలి నుంచి మిరపకాయలు అమ్మడానికి వచ్చిన ఒక ఆడమనిషి దాని కింద నిలబడి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తీరిగ్గా చూసింది. చూసి రెండు చేతులూ జోడించింది. మొదట్లో మబ్బు పట్టినట్టు ఉన్నా, పోను పోను మంచి రోజులు వచ్చినట్టున్నయని సంతోషపడింది. మా దగ్గర ఎరుపంటే కుంకుమ, పెళ్లి, పండగ. ఎరుపును చూసి భయపడమంటే ఎవరు భయపడతారు? ఆ మధ్యాహ్నమే పెళ్లివాళ్లు వచ్చి, పందిరికి కట్టుకుంటాం, కిరాయికిస్తరా అని అడిగారు.

ఆమె స్థానంలో నేనుంటే ముఖం మాడ్చుకుని తాడు విప్పేవాడిని. మేడం పోయి ఆ మిరపకాయలామె పక్కన గొంతుక్కూర్చుంది. మరి చెడ్డ ఎండ ఏ రంగుల ఉంటది అక్కా అని అడిగింది. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. తన చీరె భుజం చూపించింది. ఒకప్పుడు నీలం రంగు చీరె. పొలంలో వంగి పనిచేసేటప్పుడు ఎండ పడే భుజం మీద, వీపు మీద రంగనేదే లేదు. మిగతా చోట నీలం అట్లాగే ఉంది.

ఆ మరుసటి వారం నుంచి నాకు కష్టాలు మొదలయ్యాయి. మంచి నీలం తాను కొన్నది. అవును, అది మాత్రం కొన్నది. పట్టీలుగా చింపి మా డాబా మీద పరిచింది. చల్లని ఏడాది పట్టీని రెండు మూడు రోజులకే తీసేసేది. వేడి ఏడాది పట్టీని అలాగే వదిలేసేది. శివరాత్రి దాటి, ఎండలు ముదిరి, రోహిణి కార్తె దాకా కొన్ని పట్టీలు డాబా మీదే పడి ఉన్నాయి. కింద నేను రంగు గ్యారంటీ అని గొంతు చించుకుంటున్నాను. పైన నా బట్ట ఊరందరికీ కనబడేటట్టు వెలిసిపోతున్నది. ఇది నా పరువు సంగతి అని మొత్తుకున్నాను. పరువు పోతే ఇంకో తాను కొంటలే అన్నది. ఆ పట్టీలన్నీ వరసగా కుట్టి మళ్లీ సంతలో కట్టినప్పుడు, ఒక చివర ముదురు నీలం, రెండో చివర ఏ రంగూ లేదు. ఆడవాళ్లు ఆగి చూసి, తమ భుజాలు తడుముకున్నారు. ఈసారి పెళ్లికి ఎవరూ అడగలేదు. దానికి కూడా ఆమె సంతోషించింది.

ఇక పాట సంగతి. ఆమె పుట్టిల్లు సిరొంచకు దగ్గరలోనే, ఏటి ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ తమ్ముడూ మరదలూ వరి పండిస్తారు. ఆమె మేనమామ అక్కడి భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడు. దాన్ని మా వైపు పెట్టె అనే అంటారు. ఆయనకు చదువు రాదు గానీ, ఒకసారి విన్న వరస మరిచిపోడు. మేడం కంప్యూటర్‌ను వదిలేసి ఆయన దగ్గర చేరింది. నీళ్లు బట్టలుతికే బండ దగ్గర ఉంటే సా. ఇసుకదిబ్బ ఎక్కితే రి. దిగువ మడి గట్టు తాకితే గ. మడి నిండితే మ. పంపు షెడ్డుకు వస్తే ప. వారానికో స్వరం. వానలు మొదలైన దగ్గరి నుంచి దీపావళి దాకా ఒక పాట. ఊళ్లో అందరికీ ఆ బండ తెలుసు, ఆ దిబ్బ తెలుసు, ఆ మడి తెలుసు.

ఆ దిగువ మడి ఆమె తమ్ముడిదే. గొడవంతా దాని గురించే. వాళ్ల తాతల నాటి నుంచి అందులోనే వరి. పూర్వం వానల్లో ఏరు పొంగి మడి మీదికి వచ్చేది, రెండు రోజులు ఉండి పోయేది, పోతూ పోతూ ఒండ్రు పెట్టి పోయేది. వరికి ఏమీ అయ్యేది కాదు, ఇంకా బలంగా లేచేది. ఇప్పుడు వచ్చిన నీళ్లు పోవడం లేదు. వారాలకు వారాలు నిలబడుతున్నాయి. ఎందుకు నిలబడుతున్నాయని అడిగితే ఊళ్లో తలా ఒక కారణం చెబుతారు. మేడం ఆ తగువులో దిగేది కాదు. ఎందుకన్నది తరువాత కొట్లాడుదాం, ముందు ఎన్నాళ్లున్నయో వినండి అనేది. ఆమెకు కావలసింది ఒక్కటే. తమ్ముడు దిగువ మడి వదిలేసి మెరక చెల్కలో వరి వేయాలి. తమ్ముడు వినడు. అతను మొండివాడు కాదు. మెరక మీద గులకరాళ్ల నేల. నీళ్లన్నీ మోటారుతో ఎక్కించాలి. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియదు. దిగువ మడి తల్లిలాంటిదని అతనంటాడు. రెండేళ్లుగా వరి మురిగిపోతున్నా, ఈసారి నీళ్లు తొందరగా దిగుతాయని అనుకుంటాడు. ప్రతి ఏడూ ఈసారే.

మృగశిర కార్తెకు ముందు, విత్తనాలు బయటికి తీసే రోజు సాయంత్రం, తమ్ముడి వాకిట్లో భజన పెట్టించారు. అంతకు ముందు ఏడాది ఏటి లెక్కతో కట్టిన పాట మొదటిసారి పాడింది ఆ రోజే. నన్నూ రమ్మంటే పోయాను. మామ పెట్టె ముందు కూర్చుని సా పట్టాడు. పక్కన డోలక్, తాళాలు. పాట బండ దగ్గర మొదలై, ఇసుకదిబ్బ ఎక్కి, మళ్లీ దిగి, ఎక్కి, ఒక్కసారిగా పంపు షెడ్డుకు పోయింది. నేను నమ్మనని చెప్పాను గదా. ఆ స్వరం ప మీదికి పోయేసరికి ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను. అక్కడి నుంచి మ మీదికి వచ్చి నిలిచింది. ఎంతకూ అక్కడే ఉంది. వారం తరువాత వారం అదే మ. తమ్ముడు తల వంచుకుని నేల మీద గీతలు గీస్తున్నాడు. ఇక పాట అయిపోవాలి. ఆఖరి స్వరం కూడా మ, దీపావళికి కూడా నీళ్లు మడిలోనే ఉన్నాయి కాబట్టి. మామ కళ్లు మూసుకుని, మ నుంచి గ, గ నుంచి రి, రి నుంచి సా, చల్లగా దించేశాడు.

వాకిలి మొత్తం ఊపిరి వదిలింది. ‘దిగిపాయె’ అన్నాడు తమ్ముడు, పెళ్లాం వైపు చూసి నవ్వుతూ.

మేడం లేచి నిలబడింది. “మామా, నేనిచ్చిన ఆఖరు స్వరం గది గాదు.”

“ఎరుకే బిడ్డా. కానీ పాట ఏడ ఎత్తుకుంటే ఆడ్నే దించాలె. మందింట్ల వేలాడదీసి పోతే ఆ ఇంటికి మంచిది గాదు. మా గురువు గట్లనే నేర్పిండు.”

“ఏరు దిగలే గదా మామా.”

“ఏరు సంగతి ఏరుది. పాట సంగతి పాటది.”

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పోయి నిలబడింది. లోపల ప్రసాదం పంచుతున్నారు. మామ తప్పు చేశాననుకోలేదు. భజన చేసేవాళ్లకు అది పద్ధతి. శ్రుతి కలిపిన చోటికి తిరిగి రాకుండా పాట ఆపడమంటే, గడప మీద నిలబడి ఇంట్లోకీ రాకుండా బయటికీ పోకుండా ఉన్నట్టు. ఆయన తన మేనల్లుడి ఇంటికి మంచే కోరాడు. అందుకే నేను ప్రసాదం తీసుకుని సిరొంచకు తిరిగి వచ్చాను.

తరువాతి వారం దుకాణానికి వచ్చినప్పుడు మాత్రం ఆమెతో వాదించాను. ఎరుపు విషయంలో మిరపకాయలమ్మే ఆమె మాట విని గుడ్డంతా మార్చినవు, అంత పెద్దాయన మాట వినడానికేమైంది అన్నాను. జనానికి నచ్చే పద్ధతిలో చెప్పాలని నువ్వే అంటావు గదా అని కూడా పొడిచాను. ఆమె చేతిలో ఒక తెల్ల మల్లు గుడ్డ ఉంది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తూనే జవాబు చెప్పింది.

“రంగు మనం పెట్టుకున్నది సేటు. అది తెల్వకపోతే ఇంకోటి పెట్టుకుంటం. నీళ్లు మనం పెట్టినయా? యాడున్నయో చెప్పెటోళ్లమే గాని, దించెటోళ్లం గాదు.”

గుడ్డ మడిచి నా చేతికిచ్చింది. “మా తమ్ముడు ఊపిరి తీసుకున్నడు చూసినవా? అది నా పాటతోనే తీసుకున్నడు. గదే నాకు పరేషాన్.”

ఆ మాట అప్పుడు నాకు సగమే ఎక్కింది. జనం మనసు కష్టపెట్టకుండా నాలుగు మాటలు సర్ది చెప్పడం వ్యాపారంలో మాకు అలవాటు. ఆమె అలా సర్దే మనిషి కాదు. వినేవాళ్ల కోసం రంగు మారుస్తుంది, వాయిద్యం మారుస్తుంది, కొలిచే గుర్తులు కూడా మారుస్తుంది. కొలత దగ్గరికి వచ్చేసరికి రాయిలా కూర్చుంటుంది. ఆమెతో స్నేహం కష్టంగా ఉండేది కూడా అందుకే. మా ఆవిడ కట్టుకున్న చీరె ఎలా ఉందని అడిగితే, నీకు నప్పలేదని చెప్పిన మనిషి సిరొంచ మొత్తంలో ఆమె ఒక్కతే. సగం గ్లాసు టీ మాత్రం ఆ తరువాత కూడా నాకే వచ్చింది.

ఆ ఏడు కూడా తమ్ముడు దిగువ మడిలోనే నాట్లు వేశాడు. నీళ్లు వచ్చాయి, నిలబడ్డాయి. నీళ్లు కొంచెం తగ్గాక నేను పోయి చూశాను. మురిగిన వరి వాసన ఊరి మొదట్లోనే తగిలింది. మేడం చీరె ఎగజెక్కి, మరదలితో పాటు బురదలో దిగి, నల్లబడిన దుబ్బులు పీకి గట్టు మీద వేస్తున్నది. తమ్ముడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పాట దించకున్నా నేను గీడనే నాటుతుంటినక్కా అన్నాడు. ఆమెను ఓదార్చడానికే అన్నాడని నాకు అర్థమైంది. ‘ఎరుకే’ అన్నది ఆమె, పని ఆపకుండా. నాకు మామ మీద కోపం వచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ తరువాత ఆమెకూ మామకూ ఒక ఒప్పందం కుదిరింది. నోటితో ఎవరూ చెప్పుకోలేదు. శనివారం శనివారం ఆమె ఎక్కడున్నా నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో కనుక్కుని, మామకు ఫోన్ చేసి, ఆ వారం స్వరం పాడి పెట్టేసేది. పెర్మిలిలో టీచర్ల ట్రైనింగ్‌లో ఉన్నా సరే, కిక్కిరిసిన బస్సులో ఉన్నా సరే, ‘మామా, గ’ అని గొంతెత్తి పాడి పెట్టేసేది. బస్సులో జనం తిరిగి చూసేవాళ్లు. ఆమె వాళ్ల వైపు చూసి, గట్టు దాకా వచ్చినయి అని చెప్పేది. మామ ఆ స్వరాలన్నీ వరసగా గుర్తుపెట్టుకునేవాడు. ఏడాదికి ఒకసారి, మృగశిరకు ముందు, తమ్ముడి వాకిట్లో పాట. ఆఖరి స్వరం రాగానే మామ ఆమె వైపు చూసేవాడు. ఆమె లేచి సందులోకి పోయేది. అప్పుడు ఆయన దించేవాడు. కాసేపటికి లోపలికి వచ్చి, ఇగ దించినవా అని అడిగేది. దించిన అనేవాడు. సరే అని కూర్చుని టీ తాగేది. ఊళ్లోవాళ్లకు ఇదొక వేడుక అయింది. మేడం బయటికి పోవడం చూడటానికే కొందరు వచ్చేవాళ్లు. వేడుక బాగానే ఉంది గానీ, తమ్ముడు మడి మార్చలేదు. ప్రతి ఏడూ ఆ సా వినగానే అతని భుజాలు కిందికి జారేవి. ఆమె అది చూడకుండా ఉండటానికే బయటికి పోతున్నదేమో అని నాకు అనుమానం.

పోయిన ఏడాది వానల మధ్యలో ఆమెకు జ్వరం పట్టుకుంది. మాత్రలు మింగి పాఠాలు చెప్పింది. నాలుగు రోజులకు పుట్టింట్లో పచ్చబడి పడిపోతే, వంతెన మీదుగా మంచిర్యాలకు తీసుకుపోయారు. ఆ శనివారం మామకు ఫోన్ రాలేదు. ఆయన పొద్దంతా ఫోన్ చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడట. ఆ తరువాతి శనివారం రాకముందే ఆమె పోయింది. నేను దుకాణం మూసి ఇంటికి పోయి ఏడ్చాను. మా వాళ్లు నన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు. ఆమె అంటే నాకు ఇష్టం, ఆ ఇష్టానికి పెట్టుకోదగిన పేరు ఏదీ నా దగ్గర లేదు.

దినాల నాడు సాయంత్రం తమ్ముడి వాకిట్లో భజనకు కూర్చున్నాం. మబ్బు కమ్మి ఉంది గానీ వాన లేదు. మామ రెండు తత్వాలు పాడి, వదిన పాట కూడా వాయించు మామా అని మరదలు అడిగితే, ఆ ఏడాది పాట ఎత్తుకున్నాడు. ఆ వానలవే, ఆమె ఫోన్‌లో పంపినవే. సా, రి, రి, గ. మళ్లీ రి. తరువాత మ. అక్కడ ఆగిపోయాడు. చేయి పెట్టె మీదే ఉంది.

“బిడ్డ గింతవరకే పంపింది.”

పాట ఎట్లా ముగించాలో మామకు తెలుసు, మాకూ తెలుసు. సా దగ్గరికి దించితే అయిపోతుంది. అప్పుడు మరదలు, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, నెమ్మదిగా చెప్పింది. వదినను మంచిర్యాల తీసుకపోయిన నాడు నీళ్లు పంపు షెడ్డు తలుపు తాకినయని, కారు ఎక్కేటప్పుడు వదిన వెనక్కి తిరిగి చూసిందని. మామ ఆమె వైపు చూశాడు. ప మీద వేలు పెట్టి వాయించాడు.

తరువాత వారం, అంటే ఆమె పోయిన వారం. షెడ్డులోకే వచ్చాయి అన్నది ఒక ముసలామె. లేదు, షెడ్డు దాకా రాలేదు, మడి నిండా ఉండి ఆగినయి అన్నది పక్కింటామె. బట్టలు ఎక్కడ ఉతికాం మరి? ఎవరింటి మెట్ల మీద ఉతికాం? అని ముసలామె ఎదురడిగింది. ఇద్దరూ ఆ చావింట్లోనే గట్టిగా వాదించుకున్నారు. చేపల వల ఎక్కడ కట్టారో గుర్తుచేసి ఒక మగమనిషి తగువు తీర్చాడు. మ అని తేల్చారు. మామ మ వాయించాడు. అంత దుఃఖంలో నాకు నవ్వు వచ్చింది. ఆమె ఉండుంటే ఆ తగువును తాన్ల మీద కూర్చున్నట్టు కాళ్లు చాపుకుని వినేది.

“మరి ఇయ్యాల?” అన్నాడు మామ.

ఆ రోజు పొద్దున్నుంచి ఇంటి పనుల్లో ఉండి ఎవరూ ఏటి వైపు పోలేదు. తమ్ముడు లేచాడు. ఉత్త కాళ్లతో సందులోంచి ఏటి వైపు నడిచి పోయాడు. మేమందరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. డోలక్ వాయించేవాడు డోలక్ మీద చేతులు ఆనించి ఉన్నాడు. తమ్ముడు తిరిగి వచ్చేసరికి మోకాళ్ల దాకా బురద.

“మడి నిండనే ఉన్నయి. నా వరి కనబడ్తలేదు.”

మామ మ నొక్కాడు. ఆ స్వరం వాకిట్లో సాగింది. ఆయన వేలు అలవాటు కొద్దీ కిందికి, సా వైపు జరగడం నేను చూశాను. ఎప్పుడూ ఏ ఇంట్లోనూ పాట వేలాడదీసి లేచిన మనిషి కాదు ఆయన. చావింట్లో అసలే చేయడు.

తమ్ముడు ఇంకా కూర్చోలేదు.

“దించకు మామా. దిగినంక నేనే వచ్చి చెప్త. గప్పుడు దించుదువు.”

మామ వేలు వెనక్కి వచ్చింది. పెట్టెలో గాలి అయిపోయేదాకా మ మీదే ఉంచి, చేయి తీసేసి, మూత వేశాడు.

తమ్ముడు పోయి నీళ్లు దిగాయని చెప్పేసరికి దీపావళి దాటి చలి మొదలైంది. ఆ రోజు మామ అరుగు మీద పెట్టె తెరిచి, సా ఒక్కటి వాయించి, మళ్లీ మూసేశాడని మరదలు చెప్పింది.